రాళ్లవాన



తెలుగుదేశమున పుట్టి పెరిగినవారికి మంచు అను మాట వినగానే మనస్సున మెదలునది ఒక్క వస్తువు కాదు. ధనుర్మాసపు తెల్లవారుజామున గడ్డిపరకల కొనలయందు నిలిచిన బిందువును మంచే యందుము. చెరువుగట్టుమీద ఎదుటి మనిషిని కానరానీయక కమ్ముకొను తెల్లని పొగను మంచే యందుము. హిమాలయ శిఖరములను కప్పియుండు ధవళరాశిని మంచే యందుము. ఎండకాలమున చెరకురసపు బండివాడు గోనెగుడ్డలో చుట్టి సుత్తితో పగులగొట్టు దానిని మంచుగడ్డ యనియే యందుము. సంస్కృతమున నీహారము, తుషారము, హిమము, ప్రాలేయము అని పలు పేళ్లున్నవి. మనకా యక్కర కలుగలేదు. దూదిపింజలవలె నింగినుండి దిగివచ్చి నేలపై పరుచుకొను మంచు మన పల్లెల జీవితములో భాగము కాదు కనుక, ఒక్క మాటతోనే తృప్తిపడితిమి. కాని నింగినుండి రాలు మరియొక మంచునకు మన రైతు సందేహమునకు తావులేని పేరు పెట్టినాడు. కోస్తాలో అది వడగళ్లవాన, తెలంగాణమున రాళ్లవాన. ఈ దినము నేను ముచ్చటింపబూనినది ఆ రాళ్లవానను గూర్చి; ముఖ్యముగా 2023వ సంవత్సరము మార్చి 16వ తేదీ గురువారమునాడు వికారాబాదు జిల్లా మర్పల్లి మండలమున పడిన దానిని గూర్చి.

నేను పంజాగుట్టవాసిని. పైవంతెనమీద వాహనములు, దానికి పైయెత్తున మెట్రో రైలు, క్రింద ఆగక సాగు జనప్రవాహము, వీని నడుమ బ్రదుకువారికి పల్లె యెంతో దూరమని తోచుట సహజము. దూరము నిజమునకు అంత లేదు. మా పేటకు సమీపమున ఉన్న బేగంపేట స్టేషను 1874లో ఏర్పడిన వాడి–సికింద్రాబాదు రైలుమార్గముమీదిది. ఆ మార్గమున పడమటికి పోయినచో వికారాబాదు వచ్చును. అచ్చటినుండి జహీరాబాదు వైపు చీలిన మార్గములోనిది మర్పల్లి స్టేషను. మా వంటింటికి వచ్చు కూరగాయలలో ఎన్నియో ఆ పడమటి పల్లెలలో కోసినవే. ఎర్రగడ్డ రైతుబజారులో తెల్లవారకమునుపే బుట్టలు దించుకొను ఆడవారిని ఊరేదని యడిగినచో వికారాబాదు వైపు పేళ్లే తరచుగా వినవచ్చును. ఆ నేలకును ఈ పేటకును నడుమనున్నది ఒక్క పూట ప్రయాణము. అయినను ఆ గురువారమునాడు రెండింటి నడుమ ఎంత యెడమున్నదో తేటపడినది.

ఆనాడు మర్పల్లి ప్రాంతమున కొలది సేపటిలోనే నేల తెల్లబడినది. దారులు తెల్లనివి, పొలములు తెల్లనివి, ఇండ్ల ముంగిళ్లు తెల్లనివి. ఎర్రని నేలకు, నల్లరేగడికి నెలవైన ఆ పీఠభూమిమీద కనుచూపుమేర తెల్లని దుప్పటి పరచినట్లున్నది. ఆ దృశ్యములను పట్టిన చిత్రములు ఆ సాయంకాలమునకే ఊరూర, చేతిచేతి ఫోనులోనికి ప్రాకినవి. వానిని చూచినవారందరి నోట వెలువడిన మాట ఒక్కటే: మన తెలంగాణము కశ్మీరమైనది, సిమ్లా అయినది, మనాలి యైనది. పంజాగుట్టలో మా యింటనుగూడ ఆ మాట వినబడినది; మొదట అన్నవారిలో నేనును ఒకడను. సౌందర్యము కంటికి సోకినపుడు మనస్సు వెంటనే కార్యకారణములను తలపోయదు. కాని ఆ మాట అన్న మరునాటినుండి నేటివరకు అది నన్ను బాధించుచునే యున్నది.

మంచును చూడవలెనను కోరిక మన జాతికి క్రొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయల కొలువున అల్లసాని పెద్దన మనుచరిత్రమును రచించుచు, తన కథానాయకుడైన ప్రవరునికి హిమాలయమును చూడవలెనను తహతహను కల్పించినాడు. సిద్ధుడిచ్చిన పాదలేపముతో ఆ బ్రాహ్మణుడు క్షణములో హిమగిరిని చేరినాడు, కన్నులార చూచినాడు. తిరిగి రాబోవు వేళకు మంచునీట పాదలేపము కరిగిపోయినది. హిమసౌందర్యము చూడబోయినవానిని ఎట్లు చిక్కులలో పెట్టునో మన కవి సుమారు అయిదు వందల యేండ్లకు పూర్వమే గ్రహించినాడు. ఆ కోరిక నేటికిని తీరలేదు. హైదరాబాదు నగరమున నమోదైన అత్యల్పమగు ఉష్ణోగ్రత, 1946 జనవరి 8వ తేదీనాటిది, 6.1 డిగ్రీలు; నీరు గడ్డకట్టుటకు అది చాలదు. కావుననే శీతకాలము వచ్చినంతనే మన యువజనులు చింతపల్లి మన్యములోని లంబసింగికి పరుగులిడుదురు. దానికి ఆంధ్రకశ్మీరమని పేరుకూడ పెట్టినారు. అచ్చటివారు మాత్రము ఆ తావును కొర్రబయలు అందురు; బయట పరుండినవాడు తెల్లవారునప్పటికి కొర్రవలె బిగిసిపోవునని దాని యర్థము. యాత్రికుడు సుందరమైన పేరు పెట్టినచోట నివాసి తన యనుభవమునకు తగిన పేరు పెట్టుకొన్నాడు. మర్పల్లి విషయమునను జరిగినది ఇదియే. మనము మంచు అంటిమి. వారు రాళ్లు అన్నారు.

వారి పేరే శాస్త్రమునకు దగ్గరగా నున్నది. హిమపాతమున గాలిలోని ఆవిరియే నేరుగా స్ఫటికములై, పలుచని రేకులై, తేలుచు దిగివచ్చును. వడగల్లు పుట్టుక వేరు. ఫాల్గుణ చైత్రములలో నేల కాగి, వేడిగాలి పైకెగయును. బంగాళాఖాతమునుండి వచ్చు తేమగాలి దానికి తోడగును. పైయంతరములలో పొడి గాలులు వీచుచుండును. ఈ మూడును కూడిన దినమున మధ్యాహ్నము గడచినంతనే మేఘములు గోపురములవలె నిలువునా పెరుగును. క్యుములోనింబస్ అని శాస్త్రజ్ఞులు పేర్కొను ఆ మేఘముల శిఖరములు 12 కిలోమీటర్లను దాటి 15 కిలోమీటర్ల ఎత్తువరకును పోవుట కలదు. మన దేశభాగమున సుమారు 5 కిలోమీటర్ల ఎత్తుననే శీతోష్ణము సున్న డిగ్రీలకు దిగును. అంతకుపైన సున్నకు లోబడియు గడ్డకట్టని నీటిబిందువులు తిరుగాడుచుండును. చిన్న మంచుపలుకొకటి ఈ బిందువులను తాకినంతనే అవి దానికి అంటుకొని గడ్డకట్టును. పైకి తన్ను గాలి దానిని క్రింద పడనీయక పట్టి నిలుపుచుండగా అది పొరపై పొరగా, ఉల్లిగడ్డవలె, పెరుగుచుండును; ఆ గాలి ఇక మోయజాలనంత బరువైన నాడు నేలకు రాలును. అనగా వడగల్లు ఎంత పెద్దదైనచో దానిని మోసిన గాలి అంత ప్రచండమైనదని తెలియవలయును. 1888 ఏప్రిల్ 30వ తేదీన ఉత్తర హిందూస్థానమున మొరాదాబాదు ప్రాంతమున పడిన వడగళ్లకు 246 మంది మరణించిరి. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలలో వడగళ్లవలన కలిగిన ప్రాణనష్టములలో నేటికిని అదియే అత్యధికము. రాయి అను పేరు అతిశయోక్తి కాదని యీ ఒక్క నిదర్శనము చాలును.

హిమము కప్పును, వడగల్లు కొట్టును. నేనెరిగినంతలో ఈ రెండింటి భేదము సర్వము ఈ రెండు క్రియలలో నున్నది.

కశ్మీరపు పల్లెను తలచుకొందము. డిసెంబరు 21వ తేదీ మొదలు నలుబది దినముల ఘోరశీతకాలమును వారు చిల్లై కలాన్ అందురు. ఆ కాలము వచ్చునని వారికి తెలియును. తాతముత్తాతల నాటినుండి తెలియును. మంచు నిలువక జారిపోవునట్లు ఇంటి కప్పును ఏటవాలుగా కట్టుకొందురు. వేసవిలోనే వంకాయలను, సొరకాయలను ముక్కలు కోసి యెండబెట్టి దాచుకొందురు. నిప్పుల కుంపటిని కాంగ్రీ యని పిలిచి, పొడవైన అంగీలోపల పొత్తికడుపున పట్టుకొని తిరుగుదురు. కొండలమీద నిలిచిన హిమము వారికి వసంతమున కరిగి ఊటలై, వాగులై, జీలమునదికి నీరై, పొలములను తడుపు ధనము. మంచు తక్కువైన యేడు వారికి కీడు. అట్టి హిమపాతమును సుందరమనుట న్యాయమే. అది వారి పంచాంగములో వ్రాసియున్న అతిథి.

అయితే ఆ కశ్మీరముననే అకాలమున పడిన మంచు ఏమి చేయునో చూడుడు. 2018 నవంబరు తొలి దినములలోను, మరల 2019 నవంబరు తొలి దినములలోను అచ్చట వాడుకకు ముందే భారముగా మంచు కురిసినది. ఆపిలు చెట్లు ఇంకను ఆకులు రాల్చలేదు. కొన్ని తోటలలో కాయలు కొమ్మలకే యున్నవి. బోడికొమ్మలనుండి జారిపోవలసిన తడిమంచు ఆకులమీద పేరుకొని, ఆ బరువునకు కొమ్మలు విరిగి, ఏండ్ల తరబడి పెంచిన మ్రాకులు నడిమికి చీలినవి. నెల దాటి పడినచో నీరై మేలుచేయు మంచే, నెల ముందు పడినందున గొడ్డలియైనది. కావున మర్పల్లి దృశ్యమును సరిగా గుర్తింపగలవాడు విహారయాత్రకు పోయి మంచులో ఆడుకొని వచ్చిన మనవంటివాడు కాడు. విరిగిన ఆపిలు కొమ్మ ప్రక్కన నిలిచిన కశ్మీరపు రైతు. ఆతడు ఆ చిత్రమును చూచినచో తన దేశమువలె నున్నదని మురిసియుండడు. ఏ పంట ఉన్నదని అడిగియుండును.

ఏ పంట ఉన్నది? ఆ దినము ఫాల్గుణ బహుళపక్షములోనిది. ఉగాదికి ఆరు దినములే యెడము. యాసంగి పంట చేతికి వచ్చు తరుణమది. మొక్కజొన్న కంకి పాలుపోసికొని గింజ గట్టిపడుచుండును. శనగ, జొన్న కోసినవారు కల్లములలో కుప్పలు పెట్టియుందురు. ఉల్లిమడులలో గడ్డ ఊరుచుండును. టమాటా, క్యాబేజీ, మిర్చి, సంతకు పోవుటకు సిద్ధముగా నుండును. మామిడిచెట్టున పిందె కాయయగుచుండును. వేపకొమ్మ ఉగాది పచ్చడికి పూత పట్టుచుండును. ఏడాదిలో మరే నెలయందును రైతు సొత్తు ఇంతగా ఆకాశము క్రింద ఆరుబయట నుండదు. విత్తనమునకు, ఎరువునకు, కూలికి పెట్టవలసిన సొమ్మంతయు అప్పటికి పెట్టియే యుండును. రావలసినది మాత్రమే రాకుండ నుండును.

అట్టి వేళ పడమట మబ్బు నల్లబడి, గాలి ఉన్నట్లుండి చల్లబడి, మొదటి పలుకు ఇంటి రేకుమీద ఠంగున మ్రోగును. పిల్లలు గిన్నెలతో వాకిటికి పరుగెత్తుదురు. ఏరుకొని నోట వేసికొని నవ్వుదురు. ఆ నవ్వును తప్పుపట్టజాలము. ఆ గిన్నెలు పట్టుకొని నవ్వని బాల్యము మనలో ఎవరికున్నది? పెద్దలు పిల్లలను లోనికి పిలుచుచునే పొలమువైపు చూతురు. గొర్రెలకాపరి మందతో బీడున చిక్కుకొని యుండును. అతనికున్న కవచము గొంగడి యొక్కటే. దక్కను గొర్రె ఉన్నితో నేసిన ఆ నల్లని ముతక కంబళి తలనుండి మడమలదాక కప్పుకొని, ఈతపొదనో తుమ్మచెట్టునో ఆనుకొని, గొర్రెలను తన చుట్టు కుదించుకొని నిలుచును. గొర్రెపిల్లలు గొంగడి క్రిందికి దూరును. ఇంటికడ గూనపెంకు పగులును, సిమెంటు రేకు చిల్లులు పడును. కొట్టమున కట్టిన ఎద్దు పలుపు తెంపుకొన జూచును. వేపచెట్టున చేరిన పిచ్చుకలు, చిలుకలు రాలిపడును. ఈ సర్వము ముగియుటకు తరచుగా అరగంట చాలును. అటు పిమ్మట వచ్చు నిశ్శబ్దమున, ఆ తెల్లని నేలమీద రైతు వేయు మొదటి అడుగు కరకరలాడును. చిత్రములలో మనము చూచినది ఆ తెలుపును; మనకు వినబడనిది ఆ కరకర.

మంచు కరుగుటకు ఒక రాత్రి చాలును. తెల్లవారునప్పటికి నేల తన రంగునకు వచ్చును, మన ముచ్చటయు తీరిపోవును. పల్లెలో నష్టము అపుడు మొదలగును. వడగల్లు తగిలిన టమాటా మొదటి దినమున చిన్న నొక్కు పడినట్లే యుండును. మూడవనాటికి ఆ నొక్కు నల్లబడి కుళ్లును. ఉల్లాకు చిరిగినచో ఆ గాయమున తెగులు దిగి గడ్డవరకు పోవును. గాయపడిన మామిడికాయ కొమ్మకు నిలిచినను, పెరిగిన కొలది దాని మచ్చయు పెరుగును. మరియొక విశేషమేమనగా, రాళ్లవాన దేశమంతట సమముగా పడదు. సన్నని పట్టెగా, త్రాడు పరచినట్లు పోవును. గట్టుకు ఈవలి చేను నేలమట్టమై, ఆవలి చేను చెక్కుచెదరక యుండుట కలదు. కావున ఊరి సరాసరిని చూచి నష్టమును లెక్కించువానికి, సర్వము పోగొట్టుకొన్నవాడు కనబడడు.

ఆ వారమున తెలంగాణమంతట కురిసిన అకాలవర్షములకును, వడగళ్లకును నష్టపోయిన భూమి 2,28,000 ఎకరములకు పైబడినదని నాటి రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినది. అందు మొక్కజొన్న 1,29,000 ఎకరముల పైచిలుకు, వరి 72,000 పైచిలుకు, మామిడి 8,800 పైచిలుకు. ముఖ్యమంత్రిగా నుండిన కె. చంద్రశేఖరరావుగారు మార్చి 23వ తేదీన నష్టపోయిన ప్రాంతములను చూచి, ఎకరమునకు 10,000 రూపాయల సాయమును ప్రకటించి, కౌలురైతులనుగూడ ఆదుకొందుమని చెప్పినారు. ఆ చివరిమాట మిక్కిలి ముఖ్యమైనది. ఏలయన పట్టా ఒకరి పేరనుండి, చెమట మరియొకరిదైనచోట, సాయము పట్టా వెంటనే పోవుట మన కనుభవమే. కేంద్ర ప్రభుత్వము 2016లో నెలకొల్పిన ఫసల్ బీమా పథకమున వడగళ్లను చేనుచేనుకు వేరువేరుగా లెక్కించు ఏర్పాటున్నది. నష్టము జరిగిన 72 గంటలలో రైతు తెలుపవలయును. అయితే మన రాష్ట్రము 2020 నుండి ఆ పథకమునకు వెలుపల నుండుటచే, ఆ గురువారమునాడు మర్పల్లి రైతునకు ఆ యాసరా లేకపోయినది. పెట్టుబడిలో ఒక భాగమైన తిరిగి రావలయునన్నచో ప్రకటనలకై ఎదురుచూచుట తప్ప దారి లేకపోయినది.

అయితే రాళ్లవానను మనమేమి చేయగలము? పడకుండ ఆపజాలము. కాని చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. మా అమీరుపేటకు, బేగంపేటకు ఆకాశమును కనిపెట్టి చూచు వ్రతము పాతది. 1901లో నవాబు జఫర్ జంగు నెలకొల్పగా, 1908లో నిజాము ప్రభుత్వము చేపట్టిన నిజామియా వేధశాల గుమ్మటములు ఇచ్చటనే యున్నవి. ప్రపంచదేశములు కలసి సాగించిన నక్షత్రపట రచనలో పాలుగొని, లక్షల నక్షత్రముల తావులను ఇచ్చటివారు గుర్తించినారు. నేడు బేగంపేటలోని వాతావరణ కేంద్రము మేఘముల జాడలను పట్టి, రాబోవు మూడు గంటలలో ఏ జిల్లాలో ఉరుములు, గాలులు, వడగళ్లు కలుగునో హెచ్చరికలు వెలువరించుచున్నది. మూడు గంటలు పంటను కోయుటకు చాలవు. కాని కల్లములోని కుప్పపై టార్పాలిను కప్పుటకు, మందను కొట్టమునకు తోలుటకు, పిల్లలను లోనికి పిలుచుటకు చాలును. ఆ హెచ్చరిక జిల్లా కార్యాలయమున నిలిచిపోక, మన రేడియోద్వారా, పంచాయతీ మైకుద్వారా, కాపరి చేతి ఫోనుద్వారా బీడువరకు పోవలయును. హిమాచలప్రదేశమున ఆపిలు తోటలమీద వడగళ్లను ఆపు వలలు పరచుకొనుచున్నారు. మన మామిడితోటలకు, కూరగాయల మడులకు ఏ మేరకు అది సాధ్యమో పరిశీలింపవలసినదే. అన్నిటికన్న ముందు, చేనుచేనుకు నష్టమును లెక్కించి, దున్నినవాని చేతికే సొమ్మునందించు బీమా ఎల్లకాలము నిలువవలయును. ఏటేట మారు దయగా కాక, వ్రాతపూర్వకమైన హక్కుగా అది రైతునకు అందవలయును.

ఇవి పాలకులు చేయవలసినవి. నగరవాసులమైన మనము చేయదగినవి రెండున్నవి, రెండును చిన్నవే.

మొదటిది మాటకు సంబంధించినది. మరల ఏ మార్చినెలలోనైనను మన పల్లె తెల్లబడిన చిత్రము మన చేతికి వచ్చినపుడు దానిని కశ్మీరమని పిలువకుందము. రాళ్లవాన యనియే పిలుతము. ఆ మాటను నోట పలికిన మరుక్షణమే మనస్సు పంటను గూర్చి అడుగును.

రెండవది కొనుగోలుకు సంబంధించినది. ఎర్రగడ్డ బజారులోనో, పంజాగుట్ట మలుపున తోపుడుబండిమీదనో, చర్మమున నల్లని మచ్చపడిన మామిడికాయలు, నొక్కుపడిన టమాటాలు ఒక ప్రక్కగా పోసి పెట్టియుందురు. మనము వానిని వ్రేళ్లతో నెట్టి, నున్ననివానిని ఏరుకొందుము. ఆ మచ్చ కాయ పైననే యుండును. గాయము మానిన మామిడి పులుసునకు, పప్పునకు, తొక్కునకు ఏమాత్రము లోటుచేయదు. ఈ వేసవిలో అట్టి కాయలు మీ కంటబడినపుడు బేరమాడక ఒక కిలో కొనుడని, అవి యే యూరినుండి వచ్చినవో అడిగి తెలిసికొనుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.